లాకులో సొమ్ము

అయినా ఆ మాట తప్పని ఎవరనగలరు? ఆంధ్రాలో కాలవల మీద లాకులున్నాయని ఎక్కడో చదివాడు. ఇక్కడ, ఈ ఖిదిర్‌పూర్ రేవులోనే లాకు గేటుంది. ఇంగ్లీషులో లాక్‌డ్ అని ఉంటే తెలుగులో లాకు అని రాసినవాణ్ని ఏ కోర్టు శిక్షిస్తుంది? శిక్షించదు. ఉమామహేశ్ బస్సు కిటికీ పక్కన కూర్చుని, తన తరఫున తానే వాదించి, తానే తల ఊపి, తీర్పు చదవాల్సిన చోటికి వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటున్నాడు. ఎప్పటి నుంచి తెలుసు అన్న ప్రశ్న ఒకటుంది. దాన్ని మాత్రం వాదనలోకి రానివ్వడం లేదు.

బస్సు కదలడం లేదు. ముందు రేవు వంతెన పైకి లేచింది. ఓడ ఏదో పోతోంది. కండక్టర్ "ఆర్ దొశ్ మినిట్, దాదా" అని, ఇంకో పది నిమిషాలేనని, అరగంటలో మూడోసారి అన్నాడు. ఆదివారం పొద్దున్న కాబట్టి ఎవరికీ పెద్ద కోపం రాలేదు. ఎప్పటికీ ఆ వంతెన దిగకపోతే బాగుండునని ఉమామహేశ్‌కి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు వేసింది. ఆ సిగ్గులో కూడా తనని తాను మెచ్చుకునే గుణం ఒకటి ఉన్నట్టు కనిపెట్టి, దాన్నీ అసహ్యించుకున్నాడు.

అతను పని చేసేది సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లో ఒక చిన్న కంపెనీ. బ్యాంకు, మేనేజరు, కౌంటరు ఏవీ లేకుండా కంప్యూటర్ల మీదే నడిచే టోకెన్లు లోకంలో వేలున్నాయి. ఏ టోకెన్ ధర ఎంత, ఎంతమంది చేతుల్లో ఉంది, జనం అందులో వేసిన సొమ్ము మొత్తం ఎంత అనే అంకెలన్నీ బయటే పడి ఉంటాయి గాని, వెతికి తీయడం అందరి వల్లా కాదు. ఈ కంపెనీ చేసిన ఏఐ ఏజెంట్‌ని మామూలు మాటల్లో అడిగితే ఆ అంకెలు తెచ్చి మామూలు మాటల్లో చెబుతుంది. కొనమనదు, అమ్మమనదు. అడిగినదానికి జవాబు, అంతే. ఆ 'అంతే' అన్నదాని మీద కంపెనీలో అందరికీ గొప్ప నమ్మకం.

కిందటేడు దానికి మన భాషలు నేర్పాలనుకున్నారు. ఆఫీసులో తెలుగువాళ్లు ఇద్దరే. ఒకరు హైదరాబాదు నుంచి వచ్చిన నీరజ, అతని పై అధికారి. రెండోవాడు తను, ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో పెరిగి, తెలుగు ఇంట్లో మాట్లాడ్డమే తప్ప చదవడం సరిగా రానివాడు. మాటల జాబితా తయారుచేసే పని అతనికే ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపితే నీరజ తెలుగు లిపిలోకి మార్చుకునేది.

ఆ జాబితాలో ఒక మాట దగ్గర అతను రెండు రోజులు ఆగాడు. ఒక టోకెన్‌లో జనం వేసిన మొత్తాన్ని ఇంగ్లీషులో 'లాక్‌డ్' అయిన విలువ, పొట్టిగా టీవీఎల్, అంటారు. ఆ మాట ఇంగ్లీషులోనే అబద్ధం. తాళం లేదు, గడియ లేదు. వేసినవాడు ఏ క్షణాన్నైనా తీసుకుపోవచ్చు. హిందీ చేసినవాడూ, బెంగాలీ చేసినవాడూ ఆలోచించే ఓపిక లేక టీవీఎల్ అని మూడక్షరాలు అలాగే ఉంచేసి టీకి పోయారు. వాళ్ల బద్ధకం ఎవరికీ కీడు చేయలేదు. ఉమామహేశ్‌కి మాత్రం చిన్నాన్న గుర్తొచ్చాడు.

చిన్నాన్న బైరాగి ముప్పై నాలుగేళ్లు లాకు దగ్గర తాడు పట్టే గ్యాంగులో పనిచేశాడు. తండ్రి పోయాక ఉమామహేశ్‌ని చదివించిందీ ఆయనే. ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి పనికి వెంట తీసుకెళ్లి చూపించాడు. గంగలో నుంచి వచ్చిన ఓడ రెండు గేట్ల మధ్య నిలబడింది. వెనక గేటు మూశారు. నీళ్లు నింపుతుంటే అంత ఓడా చప్పుడు లేకుండా, నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. "సూసినావా," అన్నాడు చిన్నాన్న. "బయట గంగలో పోటొచ్చినా ఆటొచ్చినా లోపల నీరు బెత్తెడు కదల్దు. లాకంటే అదీ." ముప్పై ఒకటో ఏట, ఏసీ గదిలో, ఆ ఓడని తలుచుకుని అతను 'లాకులో ఉన్న సొమ్ము' అని రాశాడు. రాసి, కళ్లు చెమర్చితే తుడుచుకున్నాడు కూడా.

నీరజ చూసి అడిగింది. "లాకు అంటే తాళమా?"

"కాదండీ. కాలవ లాకు. మావాళ్లకి బాగా తెలుసు."

"సూపరుంది. పెట్టేద్దాం."

వాక్యాలు కూడా చిన్నాన్న మాట్లాడే తీరులోనే రాశాడు. పుస్తకాల తెలుగు ఎవరు మాట్లాడతారని వాదించాడు. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు తన చేత్తోనే చిన్నాన్న ఫోన్లో ఎక్కించి, "మన మాటలోనే మాట్లాడుతుంది, చూడు," అన్నాడు. క్వార్టర్లలో పది ఇళ్ల వాళ్లు వచ్చి విన్నారు. ఆ పొద్దు అతను పొందిన సుఖం చిన్నది కాదు.

తర్వాత, ఆఫీసులో ఒక ఉదయం, ఏజెంట్‌ని ఎవరెవరు ఏమడిగారో రాసుకునే పట్టీ తిరగేస్తుంటే ఒక ప్రశ్న కనపడింది. అడిగినవాళ్ల పేర్లు అందులో ఉండవు. పేరు అక్కర్లేకపోయింది. 'బాబూ, బందర్ లాకులో ఏటున్నాది?' పొద్దున్న ఆరూ పది. మర్నాడు మళ్లీ ఆరూ పది, అదే ప్రశ్న.

బందర్ అన్నది ఒక టోకెన్. క్వార్టర్లలోనే ఉండే సోమశేఖర్ అనేవాడు మనోళ్లకని చెప్పి అంటగడుతున్నాడు. మొదటి రోజే ఉమామహేశ్ ఆ టోకెన్ గురించి ఏజెంట్‌ని అడగవలసినవన్నీ అడిగాడు. నలభై రెండు లక్షల డాలర్లు ఉన్న మాట నిజమే. నూటికి తొంభై ఒక్క వంతులు ఒకే ఒక్క ఖాతాది. వాడు లేచిపోతే బందర్‌లో బురదే మిగులుతుంది.

ఆ రోజే ఫోను చేసి ఉండవలసింది. పట్టీలో చూసి మనిషిని గుర్తుపట్టడం కంపెనీ నియమాలకు విరుద్ధం. ఆ నియమాన్ని అతను చలికాలం దుప్పటిలా నిండా కప్పుకున్నాడు. ఆరో రోజు ప్రశ్న మారింది. 'నానేసింది కూడా లాకులో ఉన్నట్టేనా బాబూ?' అంటే చిన్నాన్న తన రిటైర్మెంటు డబ్బు వేసేశాడు. ఏజెంట్ ఎంతో మర్యాదగా, 'మీరేసింది కూడా లాకులో మొత్తంతోటే కలిసి ఉంటాది బాబూ,' అని చెప్పింది. ఆ వాక్యం కూడా ఉమామహేశ్ రాసిన వాక్యాల అచ్చులోంచి వచ్చిందే.

అప్పుడూ ఫోను చేయలేదు. మొన్న శుక్రవారం మీటింగులో నీరజ గోడ మీద ఒక గీత చూపించింది. తెలుగులో అడిగేవాళ్లు రోజుకి పదకొండు మంది. తక్కువే. కాని అందులో ఒకరు ఒక్క రోజు కూడా మానలేదు. "ఆయనెవరో గాని దండం పెట్టాలి. ఆయన వల్లే తెలుగు ఇంకా మూసేయకుండా ఉంది," అంది. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్ కూడా కొట్టాడు. తన రెండు చేతులూ ఒకదాన్నొకటి తాకడం అతనికి స్పష్టంగా గుర్తుంది.

నిన్న చిన్నాన్నే ఫోను చేశాడు. "రేపొద్దున రా. పిన్ని డబ్బు కూడా బందర్‌లో ఎయ్యాల. బ్యాంకోడి నంబరు నీ ఫోనుకొస్తాది కదా." పిన్ని ఖాతా తెరిచినప్పుడు ఫారం నింపింది ఉమామహేశ్. చదువుకున్నవాడు కదా అని అతని ఫోను నంబరే ఇచ్చారు.

వంతెన దిగింది. బస్సు ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

క్వార్టర్ గుమ్మంలో పిన్ని అప్పలలక్ష్మి కాళ్లు చాపుకు కూర్చుని అరటిపువ్వు ఒలుస్తోంది. వేళ్లన్నీ జిగురుతో నల్లబడి ఉన్నాయి.

"ఓలమ్మ, దొరగోరొచ్చినారు," అంది తల ఎత్తకుండానే. "సాల్ట్ లేకు నుండి రాడానికి మూణ్ణెల్లు పట్టిందేట్రా?"

"వంతెన లేచింది పిన్నీ."

"మూణ్ణెల్లూ లెగిసే ఉన్నాదేటి?"

లోపల బైరాగి పగలబడి నవ్వాడు. "ఆడికి కాస్త టీ ఎట్టే. ఒరే, ఇలా రా. కూకో. ముందు దీన్ని ఇను." ఫోను నోటి దగ్గర పెట్టుకుని, లాకు మీద నుంచి ఓడలో వాళ్లను కేకేసినట్టు అడిగాడు. "బాబూ, బందర్ లాకులో ఏటున్నాది?"

"బందర్ లాకులో ఉన్న సొమ్ము నలభై రొండు లచ్చల డాలర్లు బాబూ. నిన్నటికన్నా కొంచెం ఎచ్చింది," అంది ఫోను.

"సూసినావా! నాకన్నా మన మాట అదే బాగా మాట్లాడతాది. పదిమందికీ నీ పేరే సెప్తన్నాను."

"బందరో, కోతో," అంది అప్పలలక్ష్మి గుమ్మంలోంచి. "భవానీపూర్‌లో ముప్పై ఏళ్లు సీపురట్టినాను. ఆ తల్లులు పిల్లల్ని తిట్టుకుంటుంటే రోజూ ఇన్నాను. బాందొర్ అంటే కోతి."

"బొందొర్ యేరు, బాందొర్ యేరు. బొందొర్ అంటే రేవు. ముప్పై ఏళ్లు సెత్తే నేర్సినావు గాని బెంగాలీ నేర్సినావా?"

"ఆ సెత్త డబ్బే కదా ఇప్పుడు మీకు గావాల్సొచ్చింది."

బైరాగి వినిపించుకోనట్టు ఉమామహేశ్ వైపు జరిగాడు. పోయిన వారం తన డబ్బులో కొంత తీద్దామని చూస్తే రాలేదట. సోమశేఖర్‌ని అడిగితే ఇంత అని ఒక మట్టం ఉంటుందనీ, అంతవరకు వేస్తే గాని తీయడానికి కుదరదనీ చెప్పాడట. చెబుతున్నప్పుడు చిన్నాన్న ముఖంలో భయం లేదు. పని తెలిసినవాడి ధీమా ఉంది.

"నీకు తెల్దేటి? లాకులో నీరు తక్కువైతే ఓడ లెగదు. లేదని ఏడిస్తే లెగుస్తాదా? ఇంకాస్త నీరెట్టాల. మీ పిన్నికి మున్సిపాలిటీ ఇచ్చింది పోస్టాఫీసులోంచి తీసి బ్యాంకులో ఏసినాం. సోమశేఖర్ ఇందులో అన్నీ ఎక్కించి పోయినాడు. నాను నొక్కితే నీకు నంబరొస్తాది. నువ్వు సెప్తే అయిపోద్ది."

"వద్దు చిన్నాన్నా."

"ఏటి వద్దు?"

ఉమామహేశ్ మొదలుపెట్టాడు. లాకు అన్నది పేరుకేననీ, నిజానికి అక్కడ గేటు లేదనీ, టీవీఎల్ అనీ, ఖాతాలనీ. మాట్లాడేకొద్దీ తన గొంతు తనకే ఇంగ్లీషు మీడియం మాస్టారి గొంతులా వినిపించింది. బైరాగి ఓపికగా విన్నాడు. పెద్ద ఉద్యోగం చేసే పిల్లవాడు తెలియని పని గురించి మాట్లాడుతుంటే వినే పద్ధతిలో విన్నాడు.

"గేటు లేకపోతే లాకని ఎందుకంటాదిరా? నువ్వే కదా దానికి మాటలు నేర్పినావు?"

"అది... మాట కోసం అన్నది."

"ఉట్టినే అంటాదేటి? అంత సదువుకున్న మెషీను!"

ఇక్కడ చెప్పేయవచ్చు. ఆ మాట నాది, నిన్ను తలుచుకునే రాశాను, తప్పు రాశాను అని. మూడు ముక్కలు. నాలుక చివర దాకా వచ్చాయి. కాని ఆ మాట తీసేస్తే ఎనిమిదేళ్ల పిల్లవాడు చూసిన ఓడ కూడా పోతుందేమో అన్నట్టు, అతను దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. అది ప్రేమా, పొగరా? ఇంత సేపు విడదీసి చూసుకున్నా తేలలేదు. తేలకపోవడమే తనకి సౌకర్యంగా ఉందని మాత్రం తేలింది.

"ఉమా," అంది అప్పలలక్ష్మి. "నువ్వెట్టినావేటి అందులో?"

"లేదు పిన్నీ."

"ఒక్క రూపాయీ?"

"లేదు."

ఒలుస్తున్న చేయి ఆగింది. బైరాగి భార్య వైపు చూసి, ఉమామహేశ్ వైపు చూశాడు. మొదటిసారి ఆ ముఖంలో ధీమా కాస్త సడలింది.

ఉమామహేశ్ చిన్నాన్న చేతిలోంచి ఫోను అడిగి తీసుకున్నాడు. "బందర్‌లో ఉన్న సొమ్ములో ఎక్కువ వంతు ఎవరిది? వాళ్లు తీసుకుపోవాలంటే పోవచ్చా?" అని అడిగాడు.

క్షణం కూడా పట్టలేదు. "నూటికి తొంభై ఒక్క వంతులు ఒక్క ఖాతాదే బాబూ. ఆ ఖాతావోరు ఎప్పుడు గావాలంటే అప్పుడు తీసుకోవచ్చు," అంది ఫోను, ఇందాకటి గొంతుతోనే, ఇందాకటి తీపితోనే.

బయట వీధి కుళాయి దగ్గర ఎవరో బిందె మార్చారు.

"గేటు ఒక్కడి సేతిలో ఉన్నాదన్నమాట," అన్నాడు బైరాగి.

"అవును."

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

"నువ్వు అడగలేదు చిన్నాన్నా. అది అడిగిందే చెబుతుంది."

"దాన్ని ఎవడడిగినాడ్రా? నిన్నడుగుతున్నాను."

ఉమామహేశ్ దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నిన్ననే తెలిసిందని చెప్పవచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. ఆఫీసు నియమం గురించి చెప్పవచ్చు. చిన్నాన్న నియమాలకు విలువిచ్చే మనిషి, నమ్ముతాడు. బస్సులో అరగంట వాదించినవన్నీ వరసగా నిలబడి, పిలిస్తే వద్దామని చూస్తున్నాయి. నిన్ననే అన్నది తప్ప వాటిలో ఏదీ అబద్ధం కాదు. ఆఫీసులో ఏజెంట్ గురించి కూడా అందరూ అదే అంటారు, అది అబద్ధం చెప్పదని.

"పంతొమ్మిది రోజులైంది తెలిసి," అన్నాడు.

బైరాగి పెదవులు కదిలాయి. లోపల లెక్క చూసుకుంటున్నాడు. "నా డబ్బేసి రొండు వారాలు," అన్నాడు.

"అవును."

"ఎందుకురా?" అంది అప్పలలక్ష్మి. అందులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"చిన్నాన్న రోజూ అడిగేవాడు కదా. తెలుగులో అడిగేవాళ్లు పదకొండు మందే. ఒక్కరు తగ్గినా ఆ పని మూసేస్తారు. అది నా పని. రోజూ పొద్దున్న వచ్చి చూసుకునేవాణ్ని, ఇవాళ కూడా అడిగాడా లేదా అని." ఒక్కసారి ఆగాడు. "లాకు అన్న మాట కూడా నాదే. అక్కడ లాకు లేదు. నేనే రాశాను."

"హాజరు పట్టీలో నా పేరు రాసుకున్నావన్నమాట," అన్నాడు బైరాగి. చిన్నగా నవ్వాడు. "మరి కూలేదిరా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు. చేయి చాచి తన ఫోను తీసుకున్నాడు. తాళ్ల ఒరిపిడికి మందమెక్కిన బొటనవేలితో, సోమశేఖర్ ఎక్కడ నొక్కమన్నాడో అక్కడ నొక్కాడు.

ఉమామహేశ్ జేబులో ఫోను వణికింది.

"నంబరు సెప్పు," అన్నాడు బైరాగి.

"చిన్నాన్నా..."

"సోమశేఖర్ దొంగో కాడో నాకు తెల్దు. ఆడు ముందే అన్నాడు, పోతే పోవచ్చని. నువ్వేటో మాత్రం ఇప్పుడు తెలిసింది. తెలిసీ సెప్పనోడి మాట నానెందుకినాల? నంబరు సెప్పు."

"ఏటండీ," అంది అప్పలలక్ష్మి. మూడు దశాబ్దాలు ఊడ్చిన వీధుల డబ్బు అది. ఆమె చూపు ఇద్దరిలో ఎవరి మీదా నిలవలేదు. ఒడిలో ఉన్న పువ్వు మీద నిలిచింది.

ఉమామహేశ్ ఫోను తీశాడు. ఆరు అంకెలు. మూడు నిమిషాలు మాత్రమే పనిచేస్తాయని కింద ఉంది. ఎవరికీ చెప్పవద్దని దాని కింద ఉంది. ఈసారి కూడా నియమం తన పక్షానే వచ్చి నిలబడింది. బ్యాంకు వాళ్లే చెప్పవద్దన్నారు అనవచ్చు, అలా అని చేతులు దులుపుకోవచ్చు. ఆ డబ్బు వాళ్లది. ఆపే హక్కు తనకి లేదు. పంతొమ్మిది రోజులు నోరు మూసుకున్నవాడికి అసలే లేదు. ఆపితే చిన్నాన్న ఈ గుమ్మం మళ్లీ తొక్కనివ్వడు, ఆపకపోతే ఈ గుమ్మమే ఉండదు. ఇందులో మంచివాడిగా బయటపడే దారి ఏదన్నా ఉందా అని అలవాటుగా వెతికాడు. వెతుకుతున్నానని తెలిసి మానేశాడు.

"సెప్పరా."

బొటనవేలితో ఆ సందేశాన్ని నొక్కిపట్టి చెరిపేశాడు.

బైరాగి అది చూశాడు. తన ఫోనులో మళ్లీ నొక్కాడు.

ఉమామహేశ్ చేతిలో ఫోను వణికింది. వచ్చిన అంకెలు చదవకుండానే దాన్ని కూడా చెరిపేశాడు.